మచ్చ మారింది... మళ్లీ ముక్క తీయాలట!

పుట్టుమచ్చలకు తెలుగునాట సర్కారు గుర్తింపు ఉంది. పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూడండి. కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి కింద ఒకటి అంటూ రెండు మచ్చలు నమోదై ఉంటాయి. నామినల్ రోల్స్ నింపే రోజున క్లాసు టీచరు 'చొక్కా చెయ్యి పైకి మడువురా' అంటూ వెతికి మరీ రాసుకున్నవి అవి. అంతకు ఎంతో ముందే పంచాంగాలు ఎక్కడి మచ్చకు ఏ ఫలమో తేల్చేశాయి. నాలుక మీద మచ్చ ఉన్నవాడి నోట మంచిమాటే రావాలని పెద్దవాళ్లు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటారు. మచ్చ ఎక్కడుందో ఇంత శ్రద్ధగా చూసే మనం, అది పోయినేడాది ఎలా ఉండేదో ఇప్పుడెలా ఉందో మాత్రం పట్టించుకోం.

పట్టించుకోక తప్పని రోజు ఒకటి వస్తుంది. మచ్చ పెరిగిందనో, రంగు మారిందనో, దురద పెడుతోందనో స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన చూసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. వారం పది రోజులకు రిపోర్టు వస్తుంది. అందులో క్యాన్సర్ అనే మాట ఉండదు. హమ్మయ్య అనుకునేలోపే డాక్టరు 'అక్కడ ఇంకోసారి తీయాల్సి ఉంటుంది' అంటారు. ఇక ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. మొదటిసారి సరిగ్గా చేయలేదా? ఏదో దాస్తున్నారా? కత్తి తగిలి రాజుకుందా?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే పిల్లల నుంచి ఇలాంటి ఫోన్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. అక్కడ ఏడాదికోసారి చర్మమంతా చూపించుకోవడం మామూలు. వీపు మీద మచ్చను గీరి ల్యాబుకు పంపుతారు. 'మోడరేట్ ఎటిపియా, రీ-ఎక్సిషన్ పరిశీలించండి' (కణాల తీరు ఒక మోస్తరుగా తేడాగా ఉంది, మళ్లీ తీయడం ఆలోచించండి) అని ఒక లైను ఫోన్లోని పేషెంట్ పోర్టల్‌లో ప్రత్యక్షమవుతుంది, డాక్టరు నోరు విప్పేలోపే. ఆ లైనును కాపీ చేసి అర్ధరాత్రి వాట్సాప్‌లో అమ్మకు పంపుతారు. అమ్మ తెలిసిన డాక్టరుకు పంపుతుంది.

రెండోసారి ఎందుకు అన్నదానికి ఒక్క జవాబు లేదు. మొదటి ముక్క చిన్నదై మచ్చంతా అందులోకి రాకపోవచ్చు. వచ్చినా అంచుల్లో కణాలు మిగిలి ఉండొచ్చు. తీసినచోటే మచ్చ మళ్లీ మొలిచి ఉండొచ్చు. కంటికి కనిపించినదానికీ కాగితం మీద రాసినదానికీ పొంతన కుదరక డాక్టరుకు అనుమానం తీరకపోవచ్చు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలి, చుట్టూ ఇంకొంత తీయాల్సి రావచ్చు. ఈ చివరిదొక్కటే నిజంగా గుండె దిటవు చేసుకోవాల్సిన సంగతి. మనం మాత్రం ఐదింటికీ ఒకే భయం పడతాం.

ఏది మార్పు, ఏది కాదు

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు ఒకచోట గుంపుకడితే పుట్టుమచ్చ. పుట్టుకతో వచ్చేవి తక్కువే. చాలావరకు చిన్నతనంలో, యవ్వనంలో మొలుస్తాయి. ఈడొచ్చేటప్పుడు కాస్త నల్లబడతాయి. గర్భిణికి పొట్ట సాగినప్పుడు దాని మీది మచ్చా సాగుతుంది. వయసు పైబడితే కొన్ని ఉబ్బి మెత్తబడతాయి, కొన్ని వెలిసిపోతాయి. మచ్చలోని వెంట్రుక కుదురు చీముపట్టి రెండు మూడు రోజుల్లో వాచిపోవచ్చు, రెండు వారాల్లో తగ్గిపోనూ వచ్చు. మంగళసూత్రం గొలుసు ఒరుసుకున్నా, గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు తగిలినా రక్తం కారుతుంది. ఇవేవీ ప్రమాద సూచనలు కావు.

న్యూయార్క్ విశ్వవిద్యాలయం వైద్యులు 1985లో ఏ, బీ, సీ, డీ అని నాలుగు గుర్తులు చెప్పారు. మచ్చలో సగానికీ సగానికీ పోలిక లేకపోవడం, అంచులు చెదిరి ఉండటం, రంగులు కలగలిసి ఉండటం, అడ్డకొలత 6 మిల్లీమీటర్లు దాటడం. 2004లో ఐదోది చేర్చారు. అది ఈ, అంటే మారుతూ ఉండటం. నన్నడిగితే మన చర్మానికి ఈ ఐదోదే అసలుది. మొదటి నాలుగూ తెల్లచర్మం మీద పలుచని మచ్చలను చూసి రాసుకున్నవి. మన దగ్గర ఆరు మిల్లీమీటర్లు దాటిన నిక్షేపమైన మచ్చలు ఎన్నో ఉంటాయి. మీ ఒంటి మీది మచ్చలన్నీ ఒక పోలికలో ఉండి, ఒక్కటే వాటితో కలవకుండా వేరుగా కనిపిస్తుంటే, నెలల వ్యవధిలో అది మారుతూ వస్తుంటే చూపించుకోవాల్సింది దాన్నే.

మనవాళ్లు పుట్టుమచ్చ అనుకునేవన్నీ పుట్టుమచ్చలూ కావు. నలభై దాటాక చెంపల మీద, మెడ మీద వచ్చే చిన్న చిన్న నల్ల పొక్కులు వేరే జాతి, నిరపాయకరం. పులిపిర్లు వేరు. అరవై దాటినవారి ముక్కు పక్కనో కంటి కిందో నల్లగా మెరుస్తూ ఏళ్లతరబడి మెల్లగా పెరిగి, మధ్యలో పుండుపడి, చెక్కు కట్టి రాలుతూ ఉండేది మాత్రం చాలాసార్లు బేసల్ సెల్ కార్సినోమా. తెల్లవాళ్లలో ఇది ఎక్కువగా గులాబీ రంగులో ఉంటుంది. మనలో నల్లగా ఉండి మచ్చలా మోసం చేస్తుంది. దూరం పాకడం చాలా అరుదు కానీ వదిలేస్తే ముక్కును తినేస్తుంది.

మెలనోమా మన దగ్గర అరుదని ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలో ఏటా సుమారు లక్షమందికి ముదిరే రకం మెలనోమా బయటపడుతోంది. మన దేశంలో ఏడాదికి లక్షమందిలో ఒక్కరికి కూడా రాదు. అందుకని ప్రతి మచ్చకూ బెంబేలెత్తాల్సిన పని లేదు. అయితే వచ్చే ఆ కొద్దిమందికీ అది ఎవరూ చూడని చోట వస్తుంది.

ఆనికాయ అనుకున్నది

'ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?'

'పోయిన కార్తీకంలో ముల్లు గుచ్చుకుంది డాక్టరుబాబూ. ఆనికాయేలే అని బ్లేడుతో చెక్కుకుంటా ఉన్నా.'

క్యాన్సర్ ఆసుపత్రుల ఓపీలో ఇలాంటి సంభాషణ కొత్త కాదు. మడమ మీద నల్లని మరక. ఒక పక్క చిక్కగా, మరో పక్క పలచగా, నేల మీద ఒలికిన సిరా అంచుల్లా. మధ్యలో మానని పుండు. ముదురు చర్మం ఉన్నవారిలో మెలనోమా ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. దీన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. దీనికి ఎండతో సంబంధం లేదు. 'మేము ఎండలో తిరగం కదా' అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

హైదరాబాద్‌లో ఏ కాలేజీ ముందు నిలబడినా కుర్రాళ్ల టీషర్టుల మీద కనిపించే గాయకుడు బాబ్ మార్లీ పోయింది దీనితోనే. 1977లో ఆయన కాలి బొటనవేలి గోరు కింద ఇది బయటపడింది. అంతకుముందు ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బే అనుకున్నారు. వేలు తీసేయాలంటే ఆయన ఒప్పుకోలేదు. 1981 మే 11న చనిపోయేనాటికి వయసు 36.

అరికాలి మచ్చను పైపైన చూసి తేల్చడం కష్టం. డెర్మోస్కోపు అనే పదిరెట్లు పెద్దది చేసి చూపే దీపపు కటకం ఇక్కడ బాగా పనికొస్తుంది. అరికాలి చర్మంలో వేలిముద్రల్లోలాగే గట్లు, చాళ్లు ఉంటాయి. రంగు చాళ్లలో పరుచుకుని ఉంటే సాధారణంగా మామూలు మచ్చ. గట్ల మీద ఉంటే అనుమానించాలి. ఈ తేడాను జపాన్ వైద్యులు పట్టుకున్నారు. అరికాలి మీది మచ్చ 7 మిల్లీమీటర్లు దాటి, మామూలు మచ్చల తీరు స్పష్టంగా లేకపోతే ముక్క తీసి చూడమన్నది వాళ్ల లెక్క.

గోరు ఇంకో చిక్కు. మనలాంటి చర్మం ఉన్నవారి గోళ్ల మీద నిలువునా గోధుమరంగు చారలు సహజమే, అవి సాధారణంగా ఒకటికంటే ఎక్కువ గోళ్లకు ఉంటాయి. ఒకే గోటికి కొత్తగా చార వచ్చి, అది వెడల్పవుతూ, రంగు గోరు మొదట్లోని చర్మం మీదికి పాకితే ఊరుకోకూడదు. లండన్ వైద్యుడు జొనాథన్ హచిన్‌సన్ 1886లోనే ఈ గుర్తు రాసిపెట్టాడు. మనం దాన్ని గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడిగించుకుంటాం.

గోటికీ అరికాలికీ ముక్క తీయడంలోనే తిరకాసు ఉంది. అరికాలి చర్మం మందం. గోటి మూలం నుంచి పెద్ద ముక్క తీస్తే గోరు జీవితాంతం చీలికగా పెరుగుతుందన్న జంకు. దాంతో మొదట చిన్నదే తీస్తారు. చిన్నదానిలో అసలు చోటు తగలకపోవచ్చు. 'నిర్ధారణకు సరిపోదు, మళ్లీ పంపండి' అన్న వాక్యం ఈ చోట్ల నుంచి వెళ్లిన రిపోర్టుల్లో కనిపించడానికి కారణం ఇదే. అక్కడ రెండో బయాప్సీకి వెనకాడటం పెద్ద పొరపాటు.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. అనుమానపు మచ్చకు ఈ సూత్రం కుదరదు. ఒక మూల మామూలు మచ్చగా ఉండి, రెండు మిల్లీమీటర్ల అవతల మెలనోమా మొదలై ఉండొచ్చు. అందుకే అనుమానం గట్టిగా ఉంటే మచ్చను మొత్తంగా, చుట్టూ 1 నుంచి 3 మిల్లీమీటర్ల మామూలు చర్మంతో కలిపి తీయడం మేలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ముఖం మీద, కంటి రెప్ప మీద, మడమ మీద, మచ్చ మరీ పెద్దదైనప్పుడు అది అన్నిసార్లూ సాధ్యం కాదు. అప్పుడు అన్నిటికంటే చెడ్డగా కనిపించే చోటు చూసి కొంత తీస్తారు.

అలా కొంత తీసే పంచ్ బయాప్సీ చూడ్డానికి పది నిమిషాల పని. స్పిరిట్‌తో తుడిచి, మచ్చ చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీస్తారు. మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమని మండుతుంది, ఆ తర్వాత తాకిడి తప్ప నొప్పి తెలీదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి బ్లేడును చర్మం మీద నిలువుగా ఆనించి వేళ్లతో తిప్పుతూ దించుతారు. పైకి తేలిన ముక్కను చిమ్టాతో గట్టిగా పట్టుకోరు. నలిగితే కణాల ఆకారం చెదిరిపోతుంది. సూదిమొనతో మెల్లగా లేపి, అడుగు కత్తిరించి, ఫార్మలిన్ సీసాలో వేస్తారు. ఒకటో రెండో కుట్లు. సీసా మీద పేరు, ముక్క ఎక్కడ తీశారో ఆ చోటు. తర్వాత ల్యాబుకు వెళ్లే దరఖాస్తు కాగితం. అందులో 'క్లినికల్ హిస్టరీ' అని ఒక గడి ఉంటుంది. రద్దీ ఓపీల్లో తరచూ ఖాళీగా పోయేది ఆ గడే. మన కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముక్క తీస్తే క్యాన్సర్ రాజుకుంటుందన్న భయం మన ఊళ్లలో పాతుకుపోయింది. కొంత తీసినవారినీ మొత్తం తీసినవారినీ పోల్చి చూశారు. ముక్క తీసినందువల్ల మెలనోమా రోగుల ఆయుష్షు తగ్గినట్టు తేలలేదు. నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. సున్నం, చాకలి సోడా కలిపి మచ్చ మీద పెట్టి కాల్పించుకోవడం. పెళ్లికి ముందు పార్లర్‌కెళ్లి లేజర్‌తో తీయించేసుకోవడం. కాలిపోయినదాన్ని ఏ మైక్రోస్కోపూ చదవలేదు. ఏడాదికి అదే చోట నలుపు మళ్లీ వస్తే, మొదట అక్కడ ఉన్నదేమిటో చెప్పగల ఆధారం ఒక్కటీ మిగలదు. అందం కోసమే అయినా, తీసిన ప్రతి మచ్చా ల్యాబుకు వెళ్లాలి. 'చిన్నదే కదా, ఎందుకు పంపడం' అనే చోట తీయించుకోవద్దు.

మైనపు దిమ్మలో దాగినది

ల్యాబులో మొదట ముక్క అంచులకు రంగుసిరా పూస్తారు. తర్వాత స్లైడు మీద ఆ సిరా అంటిన చోటుకు మచ్చ కణాలు చేరాయా లేదా అన్నదే 'మార్జిన్' లెక్క. పలుచటి బిళ్లలుగా కోసి, నీరంతా తీసేసి, కరిగిన మైనంలో పోతపోస్తారు. అదే బ్లాకు. దాన్ని మైక్రోటోము అనే యంత్రానికి బిగించి చక్రం తిప్పితే నాలుగైదు మైక్రాన్ల పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా జారుతాయి. వాటిని గోరువెచ్చని నీటి మీద తేలేసి, ముడతలు విప్పుకున్నాక గాజు స్లైడుతో కింద నుంచి ఎత్తుతారు. రంగులద్దితే కణకేంద్రకాలు ఊదాగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది.

లెక్క వేసి చూడండి. 6 మిల్లీమీటర్ల మచ్చ అంటే 6000 మైక్రాన్లు. ఒక్కో పొర 5 మైక్రాన్లు. డాక్టరు చూసేది ఆ పొరల్లో కొన్నిటినే. సందేహం వస్తే, స్లైడ్లు చదివే డాక్టరు అంటే పెథాలజిస్టు చేసే మొదటి పని మిమ్మల్ని మళ్లీ కోయించడం కాదు, అదే బ్లాకును ఇంకా లోతుకు కోయించడం. ఎస్ఓఎక్స్-10, మెలన్-ఏ, కేఐ-67, ప్రేమ్ లాంటి ప్రత్యేక రంగులు వేయించడం. రిపోర్టు వారం ఆలస్యమైందంటే చాలాసార్లు జరిగేది ఇదే. ఇంకోసారి పరీక్ష అని చెప్పినప్పుడు అది బ్లాకుకా, ఒంటికా అని అడగండి.

అంత చూసినా తేలని మచ్చలు ఉంటాయి. న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన పెథాలజిస్టు సోఫీ స్పిట్జ్ 1948లో పిల్లల్లో వచ్చే మెలనోమా అంటూ 13 మందిని వర్ణించింది. వాళ్లలో చనిపోయింది ఒక్కరే. మైక్రోస్కోపు కింద భయపెట్టేలా ఉండి ప్రాణానికి హాని చేయని మచ్చ అది అని తర్వాత అర్థమైంది. ఇవాళ దాన్ని ఆమె పేరుతోనే స్పిట్జ్ నీవస్ అంటారు. నీవస్ అంటే పుట్టుమచ్చే.

1978లో వాలెస్ క్లార్క్ అనే పెథాలజిస్టు బృందం మరో రకాన్ని గుర్తించింది. అటు మామూలుగానూ ఇటు మెలనోమాగానూ లేని మచ్చలు అవి. తర్వాత డిస్‌ప్లాస్టిక్ నీవస్ అన్న పేరు స్థిరపడింది. 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సమావేశం ఆ పేరే మానేయమంది. ఎవరూ మానలేదు. తక్కువ, మధ్యస్థం, తీవ్రం అని మూడు మెట్లు వేసుకున్నారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ వాటిని రెండుకు కుదించింది. డల్లాస్ పిల్లల ఫోన్లో కనిపించిన 'మోడరేట్' ఈ పాత మెట్లలో నడిమిది.

ఈ మెట్ల మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అమెరికాలోని 187 మంది పెథాలజిస్టులకు 240 మచ్చల స్లైడ్లు పంచి ఇచ్చారు. వాళ్ల తీర్పును అనుభవజ్ఞుల బృందం తీర్పుతో పోల్చారు. మామూలు మచ్చల దగ్గర 92 శాతం ఏకీభావం. బాగా ముదిరిన మెలనోమా దగ్గర 72 శాతం. మధ్యస్థపు మచ్చల దగ్గర 25 శాతమే. కొన్ని నెలల తర్వాత అవే స్లైడ్లు అదే మనిషికి ఇస్తే, ఈ నడిమి రకంలో తన పాత మాటకు తానే కట్టుబడినవి 35 శాతం. ఇది పెథాలజిస్టులను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నడుమన ఉన్నదాన్ని ఇటో అటో రాయమంటే ఎవరికైనా అంతే. అలాంటి మచ్చకు స్లైడ్లు ఇంకొకరికి చూపించడం డాక్టరును అవమానించడం కాదు. మంచి డాక్టర్లు తామే చూపిస్తారు.

మళ్లీ తీయాలా వద్దా అన్నది కూడా అందుకే గట్టిగా మాట్లాడుకోవాల్సిన విషయం. తక్కువ స్థాయి అయితే, అంచుల్లో కణాలు మిగిలినా, చాలామంది వదిలేసి గమనిస్తారు. తీవ్రమైతే చుట్టూ మరికొన్ని మిల్లీమీటర్లు తీసేస్తారు. నడిమిదే తగువు. అమెరికాలో అంచులు మిగిలిన 467 మధ్యస్థపు మచ్చలను మళ్లీ తీయకుండా సగటున దాదాపు ఏడేళ్లు గమనించారు. ఆ చోట్ల ఒక్క మెలనోమా కూడా రాలేదని 2018లో ప్రకటించారు. కానీ ఆ రోగుల్లో 22 శాతం కంటే ఎక్కువమందికి ఒంట్లో ఇంకెక్కడో మెలనోమా వచ్చింది, ముందు వచ్చినవీ ఇందులో ఉన్నాయి. అంటే మిగిలిపోయిన అంచు కంటే మిగతా ఒంటిని చూసుకోవడమే ముఖ్యమన్నమాట. పైగా అది చాలావరకు తెల్లచర్మం వారి లెక్క. మన పిల్లలు అక్కడ ఉన్నా ఆ ప్రమాదం మొత్తాన్ని నెత్తిన వేసుకోనక్కర్లేదు. 'మచ్చ ఇంకా కంటికి కనిపిస్తోందా, లేక పోయిందా? మళ్లీ తీయకుండా ఫొటోలతో గమనిస్తే మీకు అభ్యంతరమా?' అని డాక్టరును అడగొచ్చు.

అతిగా వెతుకుతున్నామా అన్న వాదన అమెరికాలో ఇప్పుడు నడుస్తోంది. 40 ఏళ్లలో మెలనోమా నిర్ధారణలు ఆరు రెట్లయ్యాయి, మరణాలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. వెతికినకొద్దీ దొరుకుతోందని, దొరికినవన్నీ ప్రాణం తీసేవి కావని 2021లో అక్కడి వైద్యులే రాశారు. మన దగ్గర జబ్బు దానికి తిరగబడి ఉంది. అక్కడ అతిగా వెతికితే ఇక్కడ అసలు చూడం.

మాయ మెలనోమా

తీసిన మచ్చ అదే చోట మళ్లీ మొలవడం రెండో బయాప్సీకి దారితీసే విచిత్రమైన కారణం. పైపైన గీరి తీసినప్పుడు లోతున కొన్ని కణాలు మిగులుతాయి. గాయం మానేటప్పుడు అవి గాటులోంచి పైకి పాకుతాయి. చాలాసార్లు ఆరు నెలల లోపే గాటు మధ్యలో నల్లని గీతలు, చుక్కలు తేలతాయి. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. మైక్రోస్కోపు కింద కూడా ఇవి అచ్చం మెలనోమాలా ఉంటాయి. 1975లో కార్న్‌బర్గ్, ఆకర్‌మన్ అనే ఇద్దరు వైద్యులు దీనికి సూడోమెలనోమా అని పేరు పెట్టారు.

దీన్ని మెలనోమా నుంచి వేరు చేసేది ఏ ఖరీదైన యంత్రమూ కాదు. 'ఇక్కడ మార్చిలో ఒకసారి మచ్చ తీశారు, అప్పటి రిపోర్టు మామూలు నీవస్' అన్న ఒక్క వాక్యం. ఆ వాక్యం దరఖాస్తులోని ఆ ఖాళీ గడిలో పడితే పెథాలజిస్టు పాత స్లైడు తెప్పించుకుని పక్కన పెట్టుకుని చూస్తారు. పడకపోతే లేని క్యాన్సర్ రిపోర్టులోకి రావచ్చు. తిరగబడితే మరీ ప్రమాదం. మొదటిసారి మెలనోమాను మామూలు మచ్చగా పొరబడి ఉంటే, పాత స్లైడు మళ్లీ చూసినప్పుడే అది బయటపడుతుంది. నలుపు గాటు లోపలే ఉంటే కొంత నిబ్బరం. గాటు దాటి మామూలు చర్మంలోకి పాకితే, ఏళ్ల తర్వాత వస్తే ఆలస్యం చేయకూడదు.

గమనిద్దాం అన్న మాటకూ ఒక గడువు ఉండాలి. చదునుగా ఉండి, కొద్దిగా అనుమానంగా ఉన్న మచ్చను డెర్మోస్కోపుతో ఫొటో తీసి, మూడు నెలలకు మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మారితే తీసేస్తారు. ఉబ్బెత్తుగా, గట్టిగా, రోజురోజుకూ పెరిగే గడ్డకు ఈ మూడు నెలల వాయిదా వర్తించదు. నాడ్యులర్ మెలనోమా వారాల్లో లోతుకు దిగుతుంది.

మెలనోమా అని తేలితే

అప్పుడు అందరి చూపూ ఒక అంకె మీద పడుతుంది. అలెగ్జాండర్ బ్రెస్లో అనే పెథాలజిస్టు 1970లో కనిపెట్టిన కొలత అది. మచ్చ ఎంత వెడల్పు అన్నది కాదు, చర్మంలోకి ఎంత లోతు దిగింది అన్నది. 0.8 మిల్లీమీటర్ల లోపు, పైన పుండు లేకుండా ఉంటే తొలి మెట్టు. పై పొరకే పరిమితమైతే చుట్టూ 0.5 నుంచి 1 సెంటీమీటరు, 1 మిల్లీమీటరు లోతు వరకు 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్ల మామూలు చర్మాన్ని కలిపి మళ్లీ తీస్తారు. 'మొదటిసారే అంత ఎందుకు తీయలేదు' అని అడుగుతారు చాలామంది. లోతు తెలియందే వెడల్పు నిర్ణయించలేరు కాబట్టి.

లోతు 1 మిల్లీమీటరు దాటితే, కొన్నిసార్లు 0.8 దాటినా, గజ్జల్లోనో చంకలోనో మొదటగా క్యాన్సర్ చేరే లింఫ్ గ్రంథిని రంగుతో గుర్తించి తీసి పరీక్షిస్తారు. ఇది డొనాల్డ్ మోర్టన్ అనే సర్జన్ 1992లో చూపిన పద్ధతి. ఆ గ్రంథిలో కణాలు కనిపిస్తే ఒకప్పుడు అక్కడి గ్రంథులన్నీ తీసేసేవారు, కాళ్లు వాచి జన్మంతా అవస్థ. అలా తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగదని 2017లో తేలాక చాలామందికి ఆ ఆపరేషన్ తప్పింది. చర్మం దాటకముందే పట్టుకుంటే ఐదేళ్లు బతికేవారు అమెరికా లెక్కల్లో 99 శాతానికి పైమాటే. దూరపు అవయవాలకు పాకాక మూడో వంతు.

ఫైల్లో ఏముండాలి

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, ముంబయి టాటాకో వెళ్తే మొదట అడిగేది స్లైడ్లు, బ్లాకులు. రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు. ఆ కాగితం ఒకరి అభిప్రాయం. స్లైడు అయితే వాళ్లు స్వయంగా చూసుకోగలరు. ముక్క తీసిన ల్యాబుకు వెళ్లి రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు. సంతకం పెట్టించుకుంటారు, పనయ్యాక తిరిగి తెచ్చివ్వమంటారు. నంబరు చూసి తీసుకోండి, రిపోర్టు మీది నంబరూ స్లైడు మీది నంబరూ ఒకటై ఉండాలి.

మచ్చ తీయకముందు ఫొటో ఒకటి ఉంటే సగం పని తేలిక. పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో, ఒకటి దగ్గరగా, ఒకటి ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా దూరంగా. గాయం మానాక చాలాసార్లు ఆ చోటు ఎక్కడో రోగికే గుర్తుండదు. వీపు మీదైతే మరీను. రెండోసారి వేరే చోట కోసిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి ఆ దూరపు ఫొటో డాక్టరు చేతిలో పెట్టండి. రెండో ముక్క తీసేటప్పుడు దరఖాస్తులోని 'క్లినికల్ హిస్టరీ' గడి నిండిందో లేదో చూడండి. మొదటి బయాప్సీ తేదీ, ల్యాబు పేరు, నంబరు, వచ్చిన ఫలితం, మధ్యలో పెట్టిన పసర్లు, చేయించుకున్న లేజర్లు ఏమైనా ఉంటే అవీ. చెప్పడానికి మొహమాటపడేది ఈ చివరివాటి దగ్గరే. డాక్టరు తిడితే తిట్టనివ్వండి.

స్లైడ్లు గాజువి, విడిగా జేబులో వేసుకోకుండా ల్యాబువాళ్లిచ్చే ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టుకుని వెళ్లండి. బ్లాకులకు దెబ్బ తగిలినా ఫరవాలేదు గానీ వేడి తగలకూడదు. విజయవాడ నుంచి మే నెలలో బయల్దేరితే వాటిని కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరిగిపోతుంది.